దారిలో కారు మొరాయిస్తే: తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద మనుషుల్నీ బండినీ కాపాడుకునే పద్ధతి

నాలుగేళ్ళ కిందట మే నెలలో అమ్మానాన్నల్ని, అక్క పిల్లల్ని కార్లో ఎక్కించుకుని తిరుమల కొండ ఎక్కుతున్నాను. ఏసీ ఫుల్లుగా ఉంది. సగం దారి దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేవడం చూశాను. ఇంకో నాలుగు కిలోమీటర్లే కదా, పైకి చేరాక చూసుకుందామనుకున్నాను. పైకి చేరేసరికి బానెట్ అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. తర్వాత రెండు రోజులకు మెకానిక్ ఇంజిన్ విప్పి, ఇంజిన్‌కూ దాని పైభాగమైన హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ చేతికిచ్చాడు. రెండు సిలిండర్ల మధ్య సన్నటి పట్టీ నల్లగా కాలి తెగిపోయి ఉంది. "ముల్లు లేచినప్పుడే ఆపేసుంటే ఒక పైపు, ఒక క్లిప్పుతో పోయేది సామీ" అన్నాడు. పగిలింది కొన్ని వందల రూపాయల హోస్ పైపు. నేను చెల్లించింది వేలల్లో.

ఆ రోజు నుంచి నేను గమనించింది ఒకటే. చాలాసార్లు బండిని పాడుచేసేది మొదట వచ్చిన లోపం కాదు, లోపం కనబడ్డాక మనం నడిపే ఆ కాస్త దూరం. ఇక్కడ రాసిన పద్ధతులన్నీ ముందు ఆపమనే చెబుతాయి. మన జిల్లాల రోడ్ల మీద అది ఇంకా ముఖ్యం. తిరుమల ఘాట్లు, మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్, ఎండాకాలం 40 డిగ్రీలు దాటే వేడి, నవంబరు వానలు, మామిడి సీజన్‌లో రాత్రిపూట రోడ్డు పక్కన బారులు తీరిన ట్రాక్టర్లు, ఇవన్నీ మనకున్నాయి.

ఏం జరిగినా, మొదటి రెండు నిమిషాలు

బండిలో ఏదో తేడా తెలియగానే సడన్ బ్రేక్ వేయకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, ఎడమ ఇండికేటర్ వేసి, రోడ్డు అంచు దాటి మట్టిలోకి వీలైనంత లోపలికి తీయండి. హజార్డ్ లైట్లు వేయండి. మలుపులోనూ, మలుపు దాటిన వెంటనే కూడా ఆపొద్దు. వెనక వచ్చే బస్సు డ్రైవరుకు మీరు కనబడేలోపే అతను మీ మీదికి వచ్చేస్తాడు. బండి ఇంకా కదులుతుంటే, టెంపరేచర్ ముల్లు ఎర్ర గీతలోకి వెళ్ళకుండా ఉంటే, యాభై అడుగులు ముందుకెళ్ళి తిన్నటి చోటు చూసుకోండి.

వాలు మీద ఆపితే హ్యాండ్ బ్రేక్ ఒక్కటే చాలదు. ఎక్కే దిశలో అయితే ఫస్ట్ గేరు, దిగే దిశలో అయితే రివర్స్ గేరు వేసి ఉంచండి. ఆటోమేటిక్ అయితే పీ. ముందు చక్రాల్ని కొండవైపుకు తిప్పండి. అప్పుడు బ్రేక్ జారినా బండి లోయలోకి కాకుండా కొండకు తగులుతుంది. ఎక్కేటప్పుడు వెనక చక్రాల వెనక, దిగేటప్పుడు ముందు చక్రాల ముందు పెద్ద రాయి పెట్టండి. వెళ్ళిపోయేటప్పుడు ఆ రాయిని తీసి పక్కన పడేయండి. రోడ్డు మధ్యలో వదిలేసిన రాళ్ళే చీకట్లో టూవీలర్ల వాళ్ళ ప్రాణం మీదికి తెస్తున్నాయి. దీన్ని బతిమాలి చెబుతున్నాను.

తర్వాత మనుషులు. అందరూ ఎడమవైపు తలుపు నుంచే దిగాలి. పిల్లల్ని చేయి పట్టుకుని రైలింగు అవతలికి, లేదా రోడ్డుకు దూరంగా తీసుకెళ్ళాలి. బండి వెనక మాత్రం ఎవరూ నిలబడొద్దు. వెనక నుంచి ఏ బండి వచ్చి గుద్దినా మొదట నలిగేది అక్కడున్నవాళ్ళే. డిక్కీలోంచి ఎర్రటి హెచ్చరిక ట్రయాంగిల్ తీసి కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి, అంటే సుమారు 70 అడుగులు వేయాలి. ఆరు వరుసల హైవే మీద దానికి రెట్టింపు దూరం పెట్టడం మంచిది. ఘాట్‌లో అయితే మలుపుకు అవతల పెట్టండి, ఇవతల పెడితే ప్రయోజనం లేదు. రాత్రయితే నడిచి వెళ్ళేటప్పుడు ఫోను టార్చి వచ్చే బండ్లవైపు చూపిస్తూ వెళ్ళండి.

ఫోను చేయాల్సి వస్తే జాతీయ రహదారుల మీద సాయానికి 1033, పోలీసు, ఫైర్ లాంటి ఏ అత్యవసరానికైనా 112, అంబులెన్సుకు 108. చోటు చెప్పేటప్పుడు పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకె, ఏ ఊరివైపు వెళ్తున్నారో రెండూ చెప్పండి. "గాదంకి టోల్ దాటాక, తిరుపతివైపు" అంటే బండి సరైన పక్కకు వస్తుంది. చిత్తూరు రోడ్డు మీద అంటే మాత్రం వెతుక్కోవాల్సిందే. తిరుమల ఘాట్‌లో ఆగిపోతే చెట్లలోకి నడవకండి. శేషాచలం అడవి అది, చిరుతలు తిరిగే చోటు. తినే పొట్లాలు చేతిలో ఉంటే కోతులు మీదికొస్తాయి, లోపలే ఉంచండి.

ఇంజిన్ వేడెక్కితే

ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ కష్టపడుతుంది, బండి మెల్లగా పోతుంది కాబట్టి రేడియేటర్‌కు తగిలే గాలి తక్కువ, పైగా ఏసీ బరువు. ఈ మూడూ కలిసినప్పుడే బలహీనమైన పైపు, అరిగిన ఫ్యాన్ మోటారు, తగ్గిపోయిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) బయటపడతాయి. ముల్లు మామూలు చోటు నుంచి కాస్త పైకి కదలగానే ఏసీ ఆపండి. కిటికీలు దించి, హీటర్‌ను ఫుల్ వేడిమీద, ఫుల్ ఫ్యాన్ మీద పెట్టండి. ఎండలో అది నరకంలా ఉంటుంది, కానీ ఇంజిన్ వేడిని కొంత బయటికి లాగేస్తుంది. అది ఆపే చోటు దొరికేదాకా మాత్రమే. ముల్లు ఎర్ర గీత తాకినా, ఎర్ర లైటు వెలిగినా ఆ క్షణమే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి.

ఒక విషయం చాలామందికి తెలియదు. కూలెంట్ మొత్తం కారిపోతే కొన్ని బండ్లలో ముల్లు పైకి పోయి మళ్ళీ కిందికి దిగుతుంది. సెన్సర్ చుట్టూ ద్రవం లేక అది వేడిని సరిగ్గా చూపించలేదు. చల్లబడిందని సంతోషించి నడిపితే ఇంజిన్ పట్టేస్తుంది.

ఆపాక ఏం చేయాలంటే, కనీసం అరగంట ఏమీ చేయొద్దు. ముప్పావు గంట ఆగితే ఇంకా మంచిది. రేడియేటర్ మూత తీయబాకండి. లోపల ద్రవం ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మరిగి ముఖానికి కొడుతుంది. బానెట్ ముట్టుకుంటే చెయ్యి పెట్టగలిగేంత చల్లబడ్డాక, మందపాటి గుడ్డ నాలుగు మడతలు వేసి మూత మీద కప్పి, ముఖం పక్కకు పెట్టి, పావు వంతు తిప్పి ఆపండి. బుస్సుమని ఆవిరి పోనివ్వండి. ఆ తర్వాతే పూర్తిగా తీయాలి.

ఇంజిన్ కాలుతుండగా చల్లటి నీళ్ళు పోయడం ఇంకో తప్పు. కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే ఏమవుతుందో ఇంట్లో చూసే ఉంటారు. లోహం ఒకచోట ముడుచుకుని ఇంకోచోట ఉబ్బి హెడ్ వంకర పోతుంది. చల్లబడ్డాక కొంచెం కొంచెంగా పోయండి. దగ్గర కూలెంట్ లేకపోతే తాగే నీళ్ళయినా సరే, ఊరు చేరాక సరైన కూలెంట్ మార్పించుకోవచ్చు. పోసిన నీళ్ళు పోసినట్టే కింద కారుతుంటే మాత్రం ఇక బండి నడపకండి. లాక్కెళ్ళే బండిని పిలవండి.

ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే దూరం నుంచి వచ్చే డ్రైవర్లకే కాదు, ఇక్కడే పుట్టిన మనలో చాలామందికి కూడా దిగడం ఎలాగో నేర్పినవాళ్ళు లేరు.

తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. దాదాపు టన్ను, టన్నున్నర బండి అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు ఆ శక్తంతా ఎక్కడికో పోవాలి. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే అదంతా నాలుగు చక్రాల దగ్గర వేడిగా మారుతుంది. ప్యాడ్లు పట్టు కోల్పోతాయి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకునే స్వభావం గలది, పాతబడితే త్వరగా మరిగి బుడగలు కడుతుంది. బుడగలు కట్టాక పెడల్ మెత్తగా నేలదాకా దిగుతుంది, బండి మాత్రం ఆగదు. మొగిలి ఘాట్‌లో పలమనేరువైపు నుంచి బంగారుపాళ్యానికి దిగే లారీల చక్రాల దగ్గర మాడు వాసన మీరు పీల్చే ఉంటారు. అది ఇదే.

అందుకని గేరుతో దిగాలి. ఏ గేరులో ఆ వాలు ఎక్కుతారో దాదాపు అదే గేరులో దిగడం పాత డ్రైవర్ల లెక్క. తిరుమల నుంచి దిగే రోడ్డులో ఎక్కువ దూరం రెండో గేరే సరైనది, తిన్నగా ఉన్నచోట మూడు. ఆటోమేటిక్ బండ్లలో డీ లో వదిలేయకుండా ఎల్, 2, ఎస్ లేదా మాన్యువల్ మోడ్‌లోకి మార్చాలి. ఇంజిన్ గీ మని శబ్దం చేస్తే కంగారు పడకండి. ఆర్‌పీఎం ముల్లు రెడ్ లైన్ తాకనంతవరకు దానివల్ల నష్టం లేదు. వేగం పెరిగినప్పుడు బ్రేకును గట్టిగా కాసేపు నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేయాలి. ఆ వదిలిన సమయంలోనే డిస్కులకు గాలి తగిలి చల్లారతాయి. మెత్తగా కాలు పెట్టి ఉంచడమే బ్రేకుల్ని కాల్చేస్తుంది.

న్యూట్రల్‌లో దించితే పెట్రోలు మిగులుతుందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తిరగడానికి కొంత తాగుతుంది. అంటే మిగిలేది కూడా లేదు. ఇంజిన్ ఆపేసి దించితే ఇంకా ప్రమాదం. బ్రేకుకు, స్టీరింగుకు దొరికే సాయం ఆగిపోతుంది. రెండు మూడుసార్లు నొక్కాక బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది.

తిరుమలలో ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని దేవస్థానం కనీస సమయం పెట్టింది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులోనే ఇప్పుడు దిగుతాం, ఎక్కేది 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. 40 నిమిషాలు అంటే గంటకు 28 కిలోమీటర్ల వేగం. రెండో గేరులో బండి హాయిగా దిగే వేగం అదే. ఆ నియమాన్ని చలానా భయంగా కాకుండా డ్రైవింగ్ పాఠంగా తీసుకుంటే చాలు.

మాడు వాసన వస్తే విశాలమైన చోట ఆపి ఇరవై ముప్పై నిమిషాలు ఊరికే ఉండండి. చక్రాల మీద నీళ్ళు పోయొద్దు, డిస్కులు వంకర పోతాయి, పగలొచ్చు కూడా.

ఇక బ్రేకు నిజంగానే పట్టకపోతే: పెడల్‌ను గబగబా పైకీ కిందికీ తొక్కండి, ఒత్తిడి కొంత తిరిగి రావొచ్చు. అదే సమయంలో గేరు ఒక్కొక్కటిగా తగ్గించండి. హ్యాండ్ బ్రేకును ఒక్క లాగుకు కాకుండా బటన్ నొక్కి ఉంచి కొద్దికొద్దిగా లాగండి. స్విచ్ హ్యాండ్ బ్రేకు అయితే పైకి లాగి పట్టుకునే ఉండండి. హారన్, హెడ్‌లైట్లు ఆపకుండా వాడండి. ఏదీ పని చేయకపోతే బండి పక్కభాగాన్ని కొండ గోడకు ఒరిపిస్తూ ఆపాలి. తలుపులు, అద్దాలు పోతాయి, పోనివ్వండి.

ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడం కూడా ఇలాంటి తప్పే. హ్యాండ్ బ్రేక్ వేసి నిలబడి, కదిలేటప్పుడే క్లచ్ వదలండి. ఒక్క రద్దీ రోజు చాలు, క్లచ్ ప్లేటు మాడిపోవడానికి.

టైరు

రేణిగుంటలో ఒక పంక్చర్ షాపులో చూశాను. ఒకాయన టైరు దిగిపోయాక కిలోమీటరు దూరం షాపుదాకా నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాడు. షాపతను రిమ్ములోంచి టైరు ఊడదీసి వంచితే లోపలి నుంచి దోసెడు నల్లటి రబ్బరు పొడి రాలింది. పక్క గోడలు లోపల అరిగి దారాలు కనబడుతున్నాయి. మేకు పెట్టిన చిల్లు మాత్రం ఆవగింజంత. ఆ టైరు పారేయాల్సి వచ్చింది. గాలి లేని టైరు మీద బండి నడపొద్దు, ఎంత మెల్లగానైనా.

పరుగులో టైరు పేలితే బ్రేకు మీదికి కాలు పోకుండా చూసుకోవాలి. స్టీరింగ్‌ను రెండు చేతులతో తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వేగం దానంతట అదే తగ్గాక పక్కకు తీయాలి.

స్టెప్నీ మార్చే వరస:

1. గట్టి, చదునైన నేల చూసుకోండి. హ్యాండ్ బ్రేక్, గేరు వేసి, మార్చే చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి రాళ్ళు పెట్టండి.
2. బండి నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. పైకి లేపాక చేస్తే చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది.
3. జాకీని తలుపు కింద అంచున గాడి ఉన్నచోటే పెట్టండి. వేరేచోట పెడితే రేకు లోపలికి పోతుంది. మట్టి నేల అయితే జాకీ కింద చెక్క ముక్క పెట్టాలి.
4. స్టెప్నీని బండి కిందికి తోసి ఉంచండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. కాళ్ళు, చేతులు మాత్రం ఎప్పుడూ కింద పెట్టొద్దు.
5. కొత్త చక్రం పెట్టి నట్లను చేత్తో బిగించి, బండి దించాక ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు గట్టిగా బిగించండి.

50 కిలోమీటర్లు పోయాక ఒకసారి నట్లు మళ్ళీ బిగించి చూడండి. స్టెప్నీ మిగతా చక్రాల కన్నా సన్నగా ఉంటే దాని మీద రాసిన వేగం దాటకండి, ఎక్కువగా అది 80 ఉంటుంది.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద ఉంటుంది. ఎండాకాలమని గాలి తగ్గించి కొట్టించుకునే అలవాటు మన దగ్గర ఉంది. అది తలకిందుల పని. గాలి తక్కువైతే టైరు గోడలు ఎక్కువ వంగి, ఎక్కువ వేడెక్కి పేలుతుంది. టైరు వయసు దాని పక్క గోడ మీదే రాసి ఉంటుంది. 2321 అని నాలుగంకెలు ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఎంత బాగున్నా ఐదారేళ్ళు దాటిన టైరుతో దూర ప్రయాణం వద్దు.

బ్యాటరీ పడుకుంటే

తాళం తిప్పితే టకటకమని శబ్దం వచ్చి ఇంజిన్ తిరగకపోతే చాలావరకు బ్యాటరీయే. ముందు టెర్మినల్స్ చూడండి. తెల్లటి, పచ్చటి పొడి పట్టి ఉంటే గుడ్డతో తుడిచి బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది. కాకపోతే జంప్ కేబుల్. ఎర్ర వైరు ఒక కొస చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస బాగున్న బ్యాటరీ ప్లస్‌కు. నల్ల వైరు ఒక కొస బాగున్న బ్యాటరీ మైనస్‌కు, చివరి కొస మాత్రం చచ్చిన బండి ఇంజిన్ మీద రంగు లేని లోహ భాగానికి, బ్యాటరీకి దూరంగా. చివరి కొస పెట్టేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర మండే హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, అందుకే ఆ జాగ్రత్త. తీసేటప్పుడు తిరగేసిన వరసలో తీయాలి. తోసి స్టార్ట్ చేయడం మాన్యువల్ బండికే, అదీ రెండో గేరులో.

నీళ్ళలో

2021 నవంబరు వానల్లో తిరుపతిలో వీధులే వాగులయ్యాయి. వెస్ట్ చర్చి లాంటి రైల్వే అండర్ బ్రిడ్జిలు, స్వర్ణముఖి మీది కాజ్‌వేలు అలాంటి రోజుల్లో కారుతో దిగే చోట్లు కావు. చక్రంలో సగం దాటి నీళ్ళుంటే, లేదా నీళ్ళు అడ్డంగా పారుతుంటే తిరిగి వెళ్ళిపోండి. ముందు బస్సు పోయిందని మనం పోకూడదు, దాని ఎత్తు వేరు, బరువు వేరు.

నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకండి. ఒక్కసారి కూడా. సిలిండర్‌లోకి గాలికి బదులు నీళ్ళు వెళ్ళి ఉంటే, పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. తాళం తిప్పకుండా లాక్కెళ్తే శుభ్రం చేసి బతికించొచ్చు. ఇలాంటి నష్టానికి మామూలు ఇన్సూరెన్సు పాలసీలో సొమ్ము రావడం కష్టం, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకున్నారో లేదో ఈరోజే చూసుకోండి.

నీళ్ళు లోపలికి వస్తుంటే బండి సంగతి మర్చిపోండి. సీటు బెల్టు తీసి, కరెంటు పోకముందే అద్దాలు దించి, కిటికీలోంచి బయటికి రావాలి. అద్దం దిగకపోతే సీటు హెడ్‌రెస్ట్ ఊడదీసి దాని ఇనుప కొనలతో పక్క అద్దం మూలలో కొట్టండి. ముందు అద్దం పగలదు, దాని మీద సమయం పోగొట్టుకోవద్దు.

పొగ, ఏనుగులు, దెబ్బలు

బానెట్‌లోంచి కాలిన వైరు వాసన, నల్ల పొగ వస్తే ఇంజిన్ ఆపి అందర్నీ దించి దూరంగా పంపండి. బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలితే మంట లేస్తుంది. మంటలార్పే చిన్న పొడి సిలిండర్ కొనుక్కుని డ్రైవరు సీటు కింద పెట్టుకోండి, డిక్కీలో కాదు.

పలమనేరు, కుప్పం దారుల్లో కౌండిన్య అడవి నుంచి ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి. దూరంగానే ఆపి, హారన్ కొట్టకుండా, ఫొటోల కోసం దిగకుండా, మెల్లగా వెనక్కి వెళ్ళండి.

ఎదురుగా ఎవరికైనా యాక్సిడెంట్ జరిగితే 108కి చేయండి, ఆగండి. సాయం చేసినవాళ్ళను కేసుల్లోకి లాగకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ కాపాడుతుంది. రోడ్డు ప్రమాద బాధితులకు 1.5 లక్షల రూపాయల దాకా, ఏడు రోజుల పాటు నగదు లేకుండా వైద్యం ఇచ్చే కేంద్ర పథకం 2025 మే నుంచి ఉంది. ఆసుపత్రిలో ఆ మాట అడగండి.

లాక్కెళ్ళేటప్పుడు

వీలైతే బండి మొత్తాన్ని ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్‌నే అడగండి. ఆటోమేటిక్ బండిని, ఫోర్ వీల్ డ్రైవ్ బండిని చక్రాలు నేల మీద ఉండగా లాగితే గేరు బాక్సు పాడవుతుంది. తాడు కట్టే కొక్కెం టూల్ కిట్‌లోనే ఉంటుంది, బంపర్‌లో చిన్న మూత తీసి దాన్ని అక్కడ మరలాగా తిప్పి బిగించాలి. బంపర్‌కు, యాక్సిల్ రాడ్లకు తాడు కట్టనివ్వకండి. బండి ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోండి.

బయల్దేరే ముందు రోజు

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా గీతలు, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ చూడండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి మార్పించండి. హోస్ పైపుల్ని వేళ్ళతో నొక్కి చూడండి. ఉబ్బినా, పగుళ్ళు కనబడినా మార్చేయాలి, నాకు ఆ ఒక్క నొక్కుడుతో అప్పటి ఖర్చు మిగిలిపోయేది. బండి నిలిపిన చోట నేల మీద తడి మరకలున్నాయేమో వంగి చూడండి. చాలా రోజులు కదలని బండి అయితే బానెట్ ఎత్తి ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి.

డిక్కీలో ఉండాల్సినవి: ట్రయాంగిల్, జాకీ, వీల్ స్పానర్, చెక్క ముక్క, జంప్ కేబుల్, గాలి కొట్టే చిన్న పంపు, ఒక లీటరు కూలెంట్, ఐదు లీటర్ల నీళ్ళు, టార్చి, మందపాటి గుడ్డ. బంకులో గాలి కొట్టించేటప్పుడు నాలుగు చక్రాలతో ఊరుకోకుండా డిక్కీ తీయించి స్టెప్నీకి కూడా కొట్టించండి, మిగతా వాటికన్నా రెండు మూడు పాయింట్లు ఎక్కువగా. ఒక ఆదివారం సాయంత్రం ఇంటి ముందే, బండి నడిపే ప్రతి ఒక్కరి చేతా ఒకసారి చక్రం విప్పించి బిగింపించండి. షోరూంలో మిషన్‌తో బిగించిన నట్లు మీ స్పానర్‌కు కదులుతాయో లేదో ఆ రోజే తేలిపోతుంది.